పక్కకి తప్పుకోని మనిషి

మోతాలా
27 ఫిబ్రవరి 2023, సోమవారం

చిరంజీవి యుల్వాకు,

నీకూ, చిట్టి మైకెన్‌కూ అమ్మమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం పదహారో తారీఖున అందింది. కిరూనా పోస్టాఫీసు ముద్ర మీద పదమూడు అని ఉంది. మూడు రోజులంటే ఈ కాలానికి ఆలస్యం కిందికి రాదు. జవాబు రాయడానికి నేను తీసుకున్న పదకొండు రోజులే ఆలస్యం. ఇక్కడ నేను క్షేమం. ఆ మాటకి ఒక మినహాయింపు ఉంది, దాని వంతు వచ్చినప్పుడు రాస్తాను. అప్పటిదాకా కాగితాలు దాటేసి చివరికి వెళ్ళకు. చిన్నప్పుడు కథల పుస్తకాలన్నీ అలాగే చదివి, చదివేశానని నాకు చెప్పేదానివి.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరుసగా చెబుతాను.

మొదటిది, మైకెన్ పళ్ళు. ఎనిమిది నెలలకి రెండే వచ్చాయని బెంగపడనక్కర్లేదు. మీ అమ్మకి ఎనిమిది నెలల నాలుగు రోజులకి గానీ మొదటి పన్ను రాలేదు, అప్పట్లో నేను రాసుకున్న పుస్తకంలో ఉంది. అయితే పళ్ళొచ్చేటప్పుడు జ్వరం మామూలేనని మీ పక్కింటావిడ అన్న మాట నమ్మకు. ఒళ్ళు కాస్త వెచ్చబడటం వేరు, ముప్పైతొమ్మిది డిగ్రీలు వేరు. డాక్టరుకి చూపించు.

రెండోది, సెమ్లా బన్నులు. నీవి చప్పగా వచ్చాయంటే ఏలకుల పొడి డబ్బాలో కొన్నదై ఉంటుంది. గింజలు కొని రోట్లో దంచుకో, మరీ మెత్తగా కాకుండా. పోయిన మంగళవారం నేను ఎనిమిది చేశాను. రెండు బిర్గర్‌కి ఇచ్చి వచ్చాను. బిర్గర్‌కి ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో ఈ ఉత్తరంలోనే ఉంది.

మూడో ప్రశ్న మా టీవీ క్లబ్బు గురించి. "ఒక్క టీవీ కోసం ముసలివాళ్ళంతా ఎందుకంత కొట్టుకుంటున్నారు?" అని అడిగావు. ముసలివాళ్ళంతా అనడం సరికాదు. మా పద్నాలుగు మందిలో ఐదుగురు అరవై దాటనివాళ్ళు. కొట్టుకోవడం మాత్రం నిజం.

స్టెల్లన్ నీకు తెలుసు, మన స్నానాల గదిలో గొట్టాలు మార్చిన ప్లంబర్. అతను పడవ అమ్మేసి లేజర్ టీవీ తెచ్చాడు. టీవీ అంటే చూడటానికి ఏమీ ఉండదు. పిండిడబ్బా అంత నల్ల పెట్టె. గోడకి జానెడు దూరంలో బల్ల మీద పెడితే, పైనున్న తెర నిండా, మంచం కంటే పెద్ద బొమ్మ వస్తుంది. లోపల బల్బు లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు లేజర్లు, అంతే. జనవరి పదిహేనున, ఆదివారం రెండు గంటలకి, స్టెల్లన్ ఇంటి నేలమాళిగలో దాన్ని చూశాం. తొమ్మిదిమంది హాజరు.

"ఇన్నాళ్ళూ మనం చూసింది టీవీ కాదు. దాని నీడ," అన్నాడు స్టెల్లన్.

"పడవ అమ్ముకున్నవాడు ఇంకేమంటాడు," అన్నాడు బిర్గర్.

బిర్గర్ ఈ ఊరి సినిమా హాల్లో ముప్పైఐదేళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటరు. హాలు మూసేసిన రోజున కుర్చీలు పదహారు లారీలో వేసుకొచ్చి క్లబ్బుకి ఇచ్చినవాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఏ కొత్త టీవీ వచ్చినా మొదట తిడతాడు, ఆరు నెలలకి మెచ్చుకుంటాడు. స్టెల్లన్ టమాటాల బజారు ఒకటి పెట్టి చూపించాడు.

"ఈ ఎరుపు చూడు, ఈ ఎరుపు."

"ఇది ఎరుపు కాదురా, అరుపు. ఆ టమాటాలు నన్ను తిడుతున్నట్టున్నాయి."

"ముప్పైఐదేళ్ళు దీపం పక్కన నిలబడి కళ్ళు కాల్చుకున్నావు. నీకేం తెలుస్తుంది."

"నా కళ్ళు పోతే పోయాయి. వేసవిలో చేపలకి వెళ్దామంటే నీ పడవేదీ?"

ఎరుపు విషయంలో నేను స్టెల్లన్ పక్షం. ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు టీవీల గాజు గొట్టాల, అదే పిక్చర్ ట్యూబుల, రంగు సరిచూసిన కన్ను నాది. అంత స్వచ్ఛమైన ఎరుపుని ఏ గొట్టమూ ఇవ్వలేదు. ఎరుపు ఎక్కడ కనబడినా, మబ్బులోనైనా పొగలోనైనా, నేను దాన్ని ఇంకో రంగు అనుకోను. ఈ వాక్యం మళ్ళీ అవసరం పడుతుంది.

తెలుపు దగ్గర తేడా వచ్చింది. మా క్లబ్బు నాలుగో నియమం ప్రకారం, కొత్త టీవీకి తెలుపు నేను సరిచేసేదాకా దాన్ని క్లబ్బు ఒప్పుకోదు. మీటర్లు పెట్టి కొలిచేవాళ్ళు మాలోనూ ఉన్నారు. చివరికి నా తెల్ల సాసరే ప్రమాణం. దాన్ని కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టి, తెర మీది తెలుపు దానికి సరితూగేదాకా తిప్పుతాను. ముప్పైఒక్క ఏళ్ళుగా ఎవరూ కాదనలేదు. ఆ రోజు ఇరవై నిమిషాలు తిప్పి, "ఇదీ తెలుపు," అన్నాను.

తర్వాత స్టెల్లన్ నెమ్మదిగా, "కొంచెం గులాబీ రంగులో లేదూ?" అన్నాడు. బిర్గర్ ఆకుపచ్చగా ఉందన్నాడు. ఇంకొకరు మామూలుగా ఉందన్నారు, అది మర్యాదకి. అప్పుడు ఫరీదె అందుకుంది. బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపు ఆవిడదే, కళ్ళు పరీక్షించడం ఆవిడ పని, క్లబ్బులో చేరి నాలుగేళ్ళయింది.

"తప్పు గున్నెల్‌ది కాదు. మూడే మూడు సన్నటి రంగులు కలిపి తెలుపు చేస్తే, ఒక్కొక్క కన్ను ఒక్కోలా కలుపుకుంటుంది."

"పాత గొట్టంలో అబద్ధం అందరికీ ఒకటే ఉండేది," అన్నాడు బిర్గర్. "దీంట్లో ఎవరి అబద్ధం వాళ్ళది."

అందరూ నవ్వారు. నేను మినిట్స్‌లో "తెలుపు వాయిదా" అని రాశాను, సెక్రటరీని కదా. నా చేతిరాత ఆ రెండు మాటల దగ్గర కొంచెం వంకరగా ఉంది, నిన్న చూసుకున్నాను.

ఆ తర్వాత ఫరీదె మాకొక ఆట చూపించింది. లేజర్ వెలుగు ఒకే రంగుగా తెర మీద పడినప్పుడు, అందులో సన్నటి ఇసుక మెరుస్తున్నట్టు కనబడుతుంది. ఎండలో తడి ఇసుక ఎలా మినుకు మినుకుమంటుందో అలా. స్టెల్లన్‌కి అది నచ్చదు, తుడిస్తే పోతుందేమోనని తెర తుడుస్తూ ఉంటాడు.

"తుడవకు. అది తెర మీద లేదు," అంది ఫరీదె. "మీ కంట్లో పుడుతోంది. తొమ్మిదిమంది చూస్తుంటే ఈ గదిలో తొమ్మిది ఇసుకలున్నాయి. ఇప్పుడు కళ్ళజోళ్ళు తీసి తలలు పక్కకి ఊపండి. ఇసుక మీ తలతోపాటు కదిలిందా, ఎదురు కదిలిందా చెప్పండి. ఎవరికి దగ్గరి చూపు పోయిందో, ఎవరికి దూరం చూపు పోయిందో చెప్పేస్తాను."

తొమ్మిదిమంది పెద్దవాళ్ళు చీకటి గదిలో కూర్చుని తలలు ఊపారు. "తోపాటు." "ఎదురు." "ఎదురు." బిర్గర్ తల ఊపి ఊపి, "నా ఇసుక నిలబడే ఉంది, చూశారా, ఆపరేటరు కన్నంటే ఇదీ," అన్నాడు. నా వంతు వచ్చింది. "తోపాటు," అన్నాను. అది నిజమే. చెప్పనిది ఇంకొకటి ఉంది.

తెర నిండా ఇసుక మెరుస్తోంది. నేను చూస్తున్న చోటికి కుడిపక్కన, కొంచెం కింద, మెరవని జాగా ఒకటి ఉంది. నిలువుగా, పైన చిన్నగా గుండ్రంగా, కింద వెడల్పుగా. బూడిదరంగు కోటు వేసుకుని చేతులు వేలాడేసి నిలబడ్డ మనిషిలా.

స్టెల్లన్ ఏదో పెట్టాడు అనుకున్నాను. అందరి ముఖాలూ చూశాను. ఎవరూ ఏమీ చూస్తున్నట్టు లేరు. ఆ మనిషి వైపు కన్ను తిప్పాను. నేను తిప్పినంతా అతను పక్కకి తప్పుకున్నాడు. తొందరేమీ లేకుండా, ఇరుకు గుమ్మంలో ఎదురైన పెద్దమనిషి దారి ఇచ్చినట్టు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం మూడు సినిమా ముక్కలు చూశాం. మంచుకొండల మీద పక్షులు, ఒక పెళ్ళి, ఒక ఫుట్‌బాల్ ఆట. పక్షుల మధ్య అతను నిలబడి ఉన్నాడు. పెళ్ళిలో, పెళ్ళికూతురి పక్కన, పిలవకుండా వచ్చిన చుట్టంలా నిలబడి ఉన్నాడు. ఆటగాళ్ళు అటూ ఇటూ పరిగెత్తారు, అతను కదల్లేదు.

నన్ను నీకు తెలుసు. దేన్నయినా కొలవకుండా నమ్మను. జనవరి ఇరవై తొమ్మిదిన, వాయిదా పడ్డ తెలుపు సరిచేయాలని చెప్పి, అరగంట ముందే వెళ్ళాను. స్టెల్లన్ పైన కాఫీ పెడుతున్నాడు. పరీక్షచిత్రం పెట్టుకున్నాను, దాంట్లో గళ్ళు ఉంటాయి. రెండు మీటర్ల దూరంలో కూర్చుని, ఒకే చుక్క మీద చూపు నిలిపి లెక్కపెట్టాను. మనిషి ఎత్తు మూడు గళ్ళు. కుర్చీ వెనక్కి జరిపి నాలుగు మీటర్ల దగ్గర చూశాను. ఆరు గళ్ళు. తెర మీద ఉన్నవాడైతే ఎంత దూరం పోయినా మూడు గళ్ళే ఉండాలి. నేను వెనక్కి వస్తుంటే అతనూ నాతోపాటే వెనక్కి వచ్చాడు. తెరని వదిలేసి.

కుడికన్ను మూశాను. నల్లగా అయ్యాడు. ఎడమకన్ను మూశాను. పలచబడ్డాడు. పోలేదు. ఇవన్నీ తేదీ, వేళ, దూరంతో పుస్తకంలో రాసుకున్నాను. క్లబ్బు పుస్తకంలో కాదు, వేరే పుస్తకంలో. మొదటి పేజీల్లో "అది" అని ఉంది. ఆరో పేజీ నుంచి "అతను" అని ఉంది. ఎప్పుడు మార్చానో నాకు గుర్తులేదు.

కాఫీ దగ్గర ఫరీదెని మామూలుగా అడిగాను. ఎవరికైనా ఇసుక మధ్యలో మెరవని జాగా కనబడితే దాని అర్థమేమిటని.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "ఎవరికి?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగినవాళ్ళని రేపు పొద్దున షాపుకి రమ్మను గున్నెల్. కంటి వెనక పొర దెబ్బతిన్నచోట ఇసుక పుట్టదు. మామూలు బొమ్మల్లో ఆ చిల్లుని మెదడు పూడ్చేస్తుంది, మనిషికి తెలియదు. ఇలాంటి వెలుగులోనే బయటపడుతుంది. ఆ మనిషి కారు నడుపుతుంటే అసలు ఆలస్యం చేయొద్దను."

"చెబుతాను," అన్నాను.

చెప్పలేదు. అంటే నాకు నేను చెప్పుకోలేదు. పక్కన బిర్గర్ బన్ను తింటూ విన్నాడు. "ఎవరో మనిషి కనబడుతున్నాడంటావు, అంతేగా? మా హాల్లో ఆఖరి ఆటకి ఎప్పుడూ ఒకడు ఎక్కువ ఉండేవాడు, టిక్కెట్లు లెక్కపెడితే. నేనెప్పుడూ పట్టించుకోలేదు," అన్నాడు. నవ్వాను. మనిషి అని నేను అనలేదు. జాగా అన్నాను. అతను ఎలా పసిగట్టాడో అప్పుడు ఆలోచించలేదు.

ఫరీదె మాటతో నిజానికి నాకు ధైర్యం వచ్చింది. అతను ఎవరో తెలిసిపోయింది కదా. నా కంటిలో చిల్లు, ఇంకేమీ కాదు. ఫిబ్రవరి మూడున సరస్సు మీద పొగమంచు దిగింది. వంటింటి కిటికీలోంచి చూస్తే అతను నీళ్ళ మీద నిలబడి ఉన్నాడు. అంటే తెర అక్కర్లేదన్నమాట, తెల్లగా ఖాళీగా ఉన్నది ఏదైనా చాలు. "నువ్వు లేవు," అన్నాను పైకి. ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కనబడితే చూడకూడదు. అటు కన్ను తిప్పకూడదు. ఉన్నాడని తెలుసు కాబట్టి, లేనట్టే నా పని నేను చేసుకుపోవాలి. ఆరు రోజుల్లో బాగా అలవాటైంది.

తొమ్మిదో తారీఖు, గురువారం, పొద్దున పావు తక్కువ తొమ్మిది. లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేసి రావడానికి నా నీలం కారు తీశాను. సరస్సు పక్క రోడ్డు. పొగమంచులో ఇరవై మీటర్లకి మించి కనబడటం లేదు. నలభైలో వెళ్తున్నాను. పడవల రేవు మలుపు దాటాక, కుడిపక్కన, కొంచెం కింద, అతను కనిపించాడు. బూడిదరంగు కోటు. చేతులు వేలాడేసి. ఎప్పుడూ ఉండేచోటే.

ఇతను నావాడే, అనుకున్నాను. రోడ్డు మీదివాడు కాదు, కంటిలోవాడు. చూపు తిప్పలేదు. బ్రేకు వేయలేదు. స్టీరింగు వెంట్రుకవాసి కూడా కదపలేదు.

పక్కద్దానికి ఏదో తగిలిన చప్పుడు, పిట్ట తగిలినంత చిన్నది.

అప్పుడు లోపలి అద్దంలో చూశాను. రోడ్డు మీద, వెనక, బూడిదరంగు మనిషి. నేను ముందుకు పోతున్నకొద్దీ అతను చిన్నవాడవుతున్నాడు. యుల్వా, నా కంటిలోవాడు చిన్నవాడు కాడు. మూడు గళ్ళు, ఆరు గళ్ళు, కొలిచి రాసుకున్నాను. అద్దంలో ఉన్నవాడు అరచేయంత అయ్యాడు, వేలంత అయ్యాడు, పక్కకి ఒరిగాడు, రోడ్డు పక్క కాలువలోకి పోయాడు.

ఆగలేదు. ఈ ఒక్క మాట విడిగా రాయాలి కాబట్టి రాశాను.

నాలుగు కిలోమీటర్లు పోయాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపి పదకొండు నిమిషాలు కూర్చున్నాను. తర్వాత వెనక్కి తిప్పాను. రేవు మలుపు దగ్గర ఎవరూ లేరు. కాలువ గట్టున మంచు కుంగి ఉంది. కిందికి జారిన జాడ, మోకాళ్ళ గుర్తులు, పైకి ఎక్కి ఊరి వైపు నడిచిన అడుగులు. నడిచి వెళ్ళాడు అంటే బతికే ఉన్నాడు. అంతవరకూ లెక్క సరిపోయింది. ఇంటికొచ్చి కారు షెడ్డులో పెట్టాను. లైబ్రరీ పుస్తకాలు ఇంకా వెనక సీట్లోనే ఉన్నాయి.

పన్నెండున క్లబ్బు. బిర్గర్ ఎడమచేతికి కట్టుతో వచ్చాడు.

"ఏమైంది?" అన్నాడు స్టెల్లన్.

"మంచు మీద జారాను."

"డెబ్బై ఎనిమిదేళ్ళవాడు పొద్దున్నే రోడ్ల మీద ఎందుకు తిరగడం? ఇంట్లో కూర్చుని లేజర్ టీవీ చూడకూడదూ?"

"అందుకే తిరుగుతున్నా. నీ టీవీ కంటే మంచే నయం. మణికట్టు ఒక్కటే విరిచింది."

అందరూ నవ్వారు. తెర మీద ఏదో సముద్రం ఉంది, నీలం, ఇంతకుముందు ఎవరూ చూడనంత నీలం, దాని ముందు నా బూడిదరంగు మనిషి నిలబడి ఉన్నాడు. గదిలో ఇద్దరున్నారు. ఒకడు తెర దగ్గర, ఒకడు కుర్చీలో కట్టుతో. నేను కలం తీసి మినిట్స్‌లో రాశాను: "బిర్గర్ మంచు మీద జారి మణికట్టు విరిగింది. సభ త్వరగా కోలుకోవాలని కోరింది." ముప్పైఒక్క ఏళ్ళలో నేను తెలిసి రాసిన మొదటి అబద్ధం.

మినిట్స్ సరిచూసి సంతకం పెట్టడానికి ప్రతిసారీ ఒకరిని ఎంచుకుంటాం కదా. ఆ రోజు వంతు బిర్గర్‌ది. పంతొమ్మిదో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం, పుస్తకం కోసం మా ఇంటికి వచ్చాడు. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోశాను. పేజీ అంతా చదివాడు. తన పేరున్న పంక్తి దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"గున్నెల్, నీకు కనబడే ఆ మనిషి ఉన్నాడే."

"నాకని ఎవరన్నారు?"

"నువ్వు ఎవరి తరఫునా ఎప్పుడూ ఏమీ అడగలేదు, నలభై ఏళ్ళలో. అది పోనీ. అతను చేతిలో ఏమైనా పట్టుకుంటాడా?"

"లేదు. చేతులు ఖాళీ."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

అతను సంతకం పెట్టలేదు. కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఆ గురువారం నా చేతిలో సంచి ఉంది. నా మనవరాలు కుట్టిచ్చింది. ఆ వెధవ టీవీలో ఉండేలాంటి ఎరుపు. పొగమంచులో కార్లకి కనబడాలని అదే పట్టుకెళ్తాను," అన్నాడు. "నీలం కారు, నెమ్మదిగానే వస్తోంది, అద్దం కొన సంచికి తగిలింది. నేను నంబరు చూడలేదని చెప్పాను ఆసుపత్రిలో."

నేను లేచి నిలబడి, సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగాను.

ఇదీ ఇంతవరకు దాచింది, యుల్వా. రోడ్డు గురించి రాసిన పేరా మళ్ళీ చదువు. బూడిదరంగు కోటు, చేతులు వేలాడేసి, అని రాశాను. అక్కడ ఒకటి వదిలేశాను. ఎరుపు ఉంది. అతని మోకాలి దగ్గర, చిన్నగా, స్వచ్ఛంగా, పొగమంచుని కోసుకుంటూ. నేను చూశాను. చిల్లుకి రంగు ఉండదని నాకు తెలుసు, ఇరవై ఆరు రోజులు రాసుకున్న పుస్తకంలో ఒక్కచోట కూడా రంగు లేదు. ఆ క్షణం నా కన్ను నాకు నిజమే చెప్పింది. అటు తిరిగి చూస్తే, అతను పక్కకి తప్పుకోకపోతే, బయట నిజంగా మనిషున్నాడని ఒప్పుకోవాలి. ఆ తర్వాత, ఏ మనిషి ఎక్కడున్నాడో నాకు తెలియడం లేదని ఒప్పుకోవాలి. ఆ తర్వాత తెలుపు ఎవరు సరిచేస్తారు, కారు ఎవరు నడుపుతారు. ఇదంతా ఒక్క లిప్తలో అనుకున్నాను. అనుకోవడానికి వ్యవధి ఉంది. బ్రేకు తొక్కడానికీ ఉంది.

"చూశాను," అన్నాను సింకు వైపు తిరిగే.

"తెలుసు," అన్నాడు బిర్గర్. "ఎరుపు నీ కన్ను తప్పిపోవడం ఈ ఊళ్ళో ఎవరు నమ్ముతారు." కలం మూత తీసిన చప్పుడైంది. "నేను చెప్పను. నువ్వు రాసినదాని కింద సంతకం పెట్టమంటే పెడతాను. సెక్రటరీవి నువ్వు."

అతను దయతోనే అన్నాడు. దానికంటే కఠినమైన మాట ఈ డెబ్బై నాలుగేళ్ళలో నాతో ఎవరూ అనలేదు.

ఆ పంక్తి కొట్టేశాను. కింద రాశాను: "ఫిబ్రవరి 9న, సుమారు తొమ్మిది గంటలకి, పడవల రేవు మలుపు దగ్గర, సెక్రటరీ నడుపుతున్న కారు తగలడం వల్ల బిర్గర్ కాలువలో పడి మణికట్టు విరిగింది. సెక్రటరీ చూసింది. ఆగలేదు." బిర్గర్ చదివి, కుడిచేత్తో సంతకం పెట్టాడు. పోలీసులకి మర్నాడు నేనే ఫోను చేశాను. వచ్చి రాసుకెళ్ళారు, పిలుస్తారట. లైసెన్సు కవరులో పెట్టి వెనక్కి పంపించేశాను. ఫరీదె రెండు కళ్ళూ చూసింది. ఎడమది బాగా, కుడిది కొంచెం. మార్చి ఇరవై రెండున లిన్‌షోపింగ్ ఆసుపత్రికి రమ్మన్నారు, సూదులు వేస్తారట, ఉన్నది నిలుస్తుందే గానీ పోయింది రాదట.

నిన్న సమావేశం జరిగింది. పోయినసారి మినిట్స్ పైకి చదవడం ఆనవాయితీ. చదివాను. స్టెల్లన్ లేచి టీవీ ఆపేశాడు. ఆ నల్ల పెట్టె చల్లారుతూ చిన్నగా టిక్ టిక్ మంది. బిర్గర్, "అయితే ఆ తెలుపు సంగతేమిటి? ఇంకా గులాబీగానే ఉంది," అన్నాడు. నాలుగో నియమం కొట్టేయాలని నేనే ప్రతిపాదించాను. ఒప్పుకోలేదు. నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి సరిచేయాలని మార్చారు, ఏడుగురు అవును, ఒకరు కాదు. కాదన్నది నేను.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు, ఈ వారం చెబుతాను. ముందు నీకే రాశాను, ఎందుకంటే ఆ కారులో ఎక్కబోయేది మీరిద్దరు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డుపడి, పోనీలే అమ్మమ్మా అంటావు. అది నాకు వద్దు. కోపం వస్తే తెచ్చుకో. మూడు రోజులు ఉంచుకుని, తర్వాత రాయి.

ఇక నాలుగో ప్రశ్న. ఈస్టరుకి మ్యోల్బీ స్టేషనుకి కారులో వచ్చి, మైకెన్ సీటు బిగించి, మిమ్మల్ని తీసుకెళ్ళగలనా అని అడిగావు. లేదు. కారులో రాను. మీరు వస్తానంటే, లోకల్ రైల్లో వచ్చి రెండో ప్లాట్‌ఫారం మీద గడియారం కింద నిలబడతాను, మీ రైలుకి ఇరవై నిమిషాలు ముందు. అందరం రైల్లోనే వెనక్కి వద్దాం.

ఒక్కటి అడుగుతాను. నీ ఎర్ర కోటు వేసుకో. బండి దిగాక తొందరపడి నా వైపు రావద్దు. పిల్లని ఎత్తుకుని ఉన్నచోటే ఒక నిమిషం నిలబడు. ఈసారి చూపు తిప్పుతాను. నీ వైపు సూటిగా చూస్తాను. నువ్వు పక్కకి తప్పుకోకు. తర్వాత నడిచి రా, నెమ్మదిగా. దగ్గరికి వస్తున్నకొద్దీ పెద్దదానివి కావాలి. అప్పుడు నువ్వేనని ఒప్పుకుంటాను.

ఇట్లు,
చూసింది చూసినట్టు రాసి,
నీ అమ్మమ్మ, మైకెన్ తాతమ్మ,
గున్నెల్